టేపక్క గీసిన అరంగుళం

"నడుం దగ్గర పెరిగింది బాబూ, భుజాల దగ్గర పెరగలేదు. అదీ మన ఊరికొచ్చిన జబ్బు. చేతులు కిందికి... ఊపిరి బిగబట్టకండి! ఇక్కడికొచ్చి అందరూ పొట్ట లోపలికి లాగేస్తారు, తర్వాత చొక్కా బిగుతయ్యిందని నా మీద పడతారు. హాయిగా వదిలెయ్యండి. ఆ... అదీ మీ అసలు పొట్ట!"

నిజానికి ఆయన చొక్కా కుట్టించుకోవడానికి రాలేదు. మేయరు పదవికి నిలబడ్డ దర్జీ టేపక్క గురించి పత్రికకి నాలుగు మాటలు రాసుకుందామని కాగితాలు పట్టుకుని వచ్చాడు. కానీ టేపక్కకి ఎదుటి మనిషి ఊరికే కూర్చుంటే మాట పెగలదు. మెడలోని టేపు తీసి ఆ మనిషి భుజం మీద ఒక కొస ఆనించాలి. ఆనించిందా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆయన కలం చెవి మీద పెట్టుకుని, అడగని చొక్కాకి కొలతలిస్తున్నాడు.

"భుజాలంటే ఏంటో రాసుకోండి. మోసే చోటు. నీళ్ళ గొట్టాలు, మురుగు కాలవలు, బస్సులు, బడి గేట్లు... ఇవన్నీ భుజాలు. నడుం అంటే ఇళ్ళు, కొట్లు, మనుషులు. నేను ఈ కొట్టు పెట్టిన ఏడు బడి పిల్లలకి నలభై జతల యూనిఫాం కుట్టాను. మొన్న ఆరొందల జతలు కుట్టాను. గేటు మాత్రం అదే! పొద్దున్న తొమ్మిదింటికి ఆ గేట్లోంచి పిల్లలు ఎలా దూరతారో చూశారా? బొత్తాం పట్టని కాజాలోంచి దూరినట్టు దూరతారు."

ఆమె వెనక గోడకి కొలతల పుస్తకాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళవి, ముప్పై ఒక్కటి. ఊళ్ళో సగం మంది నడుములు, మెడలు, చేతి పొడవులు అందులో ఉన్నాయి. ఎవరు ఏ ఏడు లావయ్యారో, ఎవరు ఏ దిగులుతో చిక్కిపోయారో ఆమెకి వైద్యుడి కంటే ముందు తెలుస్తుంది. అయినా ఎవరి కొలత ఎవరికీ చెప్పదు. ఆ ఒక్క గుణానికే సగం ఊరు ఆమెకి ఓటేస్తుందని వాళ్ళాయన అంటుంటాడు. మిగతా సగం ఎందుకు వెయ్యదని అడిగితే, "వాళ్ళు రెడీమేడ్ కొనుక్కుంటారు" అంటాడు.

వాళ్ళాయన సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళికి ముందు చొక్కా కుడి మోచేతి దగ్గర చినిగిందని కొట్టుకి వచ్చేవాడు. ఆమె అతుకు వేసి ఇచ్చేది. వారం తిరక్కుండా మళ్ళీ అదే మోచెయ్యి. "ఒక్క మోచెయ్యి ఆరుసార్లు చినిగితే ఏ దర్జీకైనా అనుమానం రాదా? ఏడోసారి వచ్చినప్పుడు అడిగేశాను, బస్సు కిటికీకి రంపం గానీ బిగించారా అని. ఎర్రగా అయిపోయాడు పాపం." ఈ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వు ముందుగా భుజాల్లో మొదలవుతుంది, ఆ తర్వాత ముఖంలోకి వస్తుంది.

కుట్టుపని ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది. నేర్పిందంటే, మొదటి ఏడాదంతా సూదే ముట్టుకోనివ్వలేదు. పాత బట్టలు ఒళ్ళో పడేసి కుట్లు విప్పమనేది. విప్పీ విప్పీ వేళ్ళు కాయలు కాశాయి. ఏ గుడ్డ ఎక్కడ ఎంత లోపలికి మడిచి ఉందో, ఎవరు శ్రద్ధగా కుట్టారో, ఎవరు తొందరలో కానిచ్చేశారో లోపలి వైపు నుంచి తెలిసింది. "అందుకే నాకు ఏ పనినైనా తిరగేసి చూసే పాడలవాటు. మేయరుగారి కోటు విషయంలో అదే కొంప ముంచింది."

కొంప ముంచిన కథ ఇది. పదవి దిగిపోతున్న మేయరు పాత కోటుకి బొత్తాలు పట్టక ఆమెని ఆఫీసుకి పిలిపించాడు. గుమాస్తాల ముందు నిలబడి, పొట్ట నిమురుకుంటూ, "చూశావా టేపక్కా, నా హయాంలో ఊరు ఎంత ఎదిగిందో, నేనూ అంత ఎదిగాను" అన్నాడు. ఆమె నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. అవి ఉన్నప్పుడు మాట్లాడకూడదు. అయినా ఆగలేక, "ఎదగడం వేరు, ఉబ్బడం వేరండీ" అనేసింది. ఒక గుమాస్తా కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వాడు. ఆ మాట సాయంత్రానికి బస్సెక్కింది. ఎక్కిన బస్సు ఎవరిదనుకున్నారు? వాళ్ళాయనదే. చివరి స్టాపు వచ్చేసరికి ప్రయాణికులంతా కలిసి ఆమెని మేయరు పదవికి నిలబెట్టేశారు. నామినేషను మీద పదిమంది సంతకాలు కావాలంటే, ఆ రోజు ట్రయలుకి వచ్చిన పదిమంది ఒక చేతికి చొక్కా తొడుక్కుని, రెండో చేత్తో సంతకాలు పెట్టారు.

గుర్తు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కుట్టుమిషను అడిగితే జాబితాలో లేదన్నారు. కత్తెర ఉందన్నారు. సరే, మన పనిముట్టే కదా అని సంతోషంగా తీసుకుంది.

"మరి అద్దాల బాబు సంగతి?" అని కాగితాల మనిషి అడిగాడు. అద్దాల బాబు అంటే పోటీ అభ్యర్థి. ఊరి నడిబొడ్డున పదంతస్తుల అద్దాల మేడ కట్టిస్తానని చెప్పి ఆ పేరు తెచ్చుకున్నాడు.

"కట్టనివ్వండి, నాకేం కోపం? చొక్కాకి మెరిసే బొత్తాలు పెట్టుకోవచ్చు. కాకపోతే ముందు చొక్కాకి చేతులుండాలి కదా! చూడండి, ఎదిగే పిల్లలకి కుట్టేటప్పుడు నేను కింద మడతలో నాలుగు వేళ్ళ గుడ్డ వదుల్తాను. ఏడాది పోయాక మడత విప్పితే చాలు, అదే ప్యాంటు మళ్ళీ సరిపోతుంది. ఊరికి కొత్త వీధులు వేసేటప్పుడు ఆ నాలుగు వేళ్ళు ఎవడూ వదల్లేదు. అభివృద్ధి అంటే నన్నడిగితే..."

ఏమని చెప్పబోయిందో గానీ, అప్పుడే గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. ఎవరో అడ్డం నిలబడ్డారు.

"ఏమే మరదలా! నా కొట్టులో ఎంత మిగిల్చావ్?"

గుమ్మం నిండా నిలబడ్డది ఆమె వదినగారు, వాళ్ళాయన అక్క. నాలుగు కొట్ల అవతల గాజు సామాన్ల కొట్టు ఆవిడది. బజారు వీధి కొట్ల వాళ్ళ సంఘానికి పెద్దదిక్కు. ఆవిడ చెయ్యెత్తితే వీధి వీధంతా చెయ్యెత్తుతుంది. ఆవిడ చేతిలో టేపక్క పంచిపెట్టిన కాగితం ఉంది, పక్కనే ఒక స్కేలు.

"ఏంటి వదినా, ఎక్కడ ఎంత?"

"రెండడుగులు! నా కొట్టు పన్నెండడుగుల లోతు. నీ గీత ప్రకారం పది రోడ్డు కింద పోయింది. మిగిలింది రెండు. ఆ రెండడుగుల్లో నేను నిలబడాలా, నా గ్లాసులు నిలబడాలా? నేను పక్కకి తిరిగితే చాలు, సరుకంతా నేల మీదుంటుంది! నేనేమన్నా సన్నగా ఉన్నానా? నా కొలతలు నీ పుస్తకంలోనే ఏడిశాయి కదా!"

టేపక్క కాగితం అందుకుంది. రాసుకోవడానికి వచ్చిన మనిషి మెడ చుట్టూ టేపు అలాగే వేలాడుతోంది.

ఆ కాగితం ఆమె గర్వపడే కాగితం. మిగతా అభ్యర్థులంతా ఊరినంతా ఉద్ధరిస్తామని చెబుతుంటే, తను ముందు ఒక్క వీధి చేసి చూపిస్తానంది. బజారు వీధి. కార్పొరేషను ఆఫీసు నుంచి పాత పటం తెచ్చుకుంది. అంగుళానికి ఇరవై అడుగుల లెక్కన వీధిని కాగితం మీదికి ఎత్తింది. అటూ ఇటూ కొట్లని చిన్న చిన్న డబ్బాలుగా గీసి పేర్లు రాసింది. నడిచేవాళ్ళకి దారి, కూర్చోవడానికి మూడు బల్లలు, కాలవకి కొత్త మూతలు పెట్టింది. జిరాక్సు తీయించి నిన్న సాయంత్రం వాళ్ళాయన చేత ఇంటింటికీ పంచిపెట్టించింది.

ఇప్పుడా కాగితంలో వీధి అంచు తిన్నగా కొట్ల మధ్యలోంచి పోతోంది.

"ఇది నేను గీసింది కాదు వదినా," అంది. ఆ వెంటనే ఇంకోసారి చూసింది. చూసి, నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. గీసింది తనే.

దర్జీ కాగితం మీద నమూనా గీసేటప్పుడు రెండు గీతలు గీస్తుంది. లోపలిది కుట్టే గీత. దానికి అరంగుళం బయట కత్తిరించే గీత. ఆ అరంగుళం గుడ్డ మడతలోకి పోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెయ్యి అలాగే నడిచింది. వీధిని గీసినప్పుడు కూడా చెయ్యి తన మానాన తాను అరంగుళం బయటికి జరిగి, చుట్టూ రెండో గీత లాగేసింది. లోపలి గీత సుద్దతో గీసింది. బయటి గీత పెన్సిలుతో గట్టిగా గీసింది. జిరాక్సులో సుద్ద పడలేదు, పెన్సిలు పడింది. అంగుళానికి ఇరవై అడుగులైతే, అరంగుళానికి పది. అటు పది, ఇటు పది.

ఆమె కాగితం తిప్పి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తర్వాత, ఎంత ఆపుకున్నా ఆగకుండా, భుజాల్లో నవ్వు మొదలైంది.

"నవ్వుతావేంటే? వీధి వీధంతా అట్టుడికిపోతుంటే!"

"వదినా, వీధికి... వీధికి మడత వదిలాను వదినా!"

గుమ్మం ముందు అప్పటికే జనం చేరారు. ముందుగా తోసుకొచ్చింది తాళాల మామయ్య. తాళంచెవులు చేసే ఆయన కొట్టు వీధిలో అన్నిటికంటే చిన్నది. కాగితాన్ని జెండాలా ఊపుతున్నాడు. "గాజుకొట్టు వదినకి రెండడుగులన్నా మిగిలింది. నా కొట్టు మొత్తం ఆరడుగులు. గీత నా వెనకనుంచి పోతోంది! నేను కుర్చీతో సహా నడిరోడ్డు మీదున్నాను. లెక్క ప్రకారం నేనే రోడ్డుకి నాలుగడుగులు బాకీ!"

వీధి చివర అద్దాల బాబు మైకు బండి ఈ సందు దొరికే దాకా ఎదురుచూసినట్టు అందుకుంది. "కత్తెర గుర్తు చూశారా, మీ కొట్టుకి కోత పడింది చూశారా!"

పోలింగుకి ఇంకా మూడు రోజులుంది. ఈ వీధిలో నూట నలభై ఓట్లున్నాయి. అవి పోతే అన్నీ పోయినట్టే. కానీ టేపక్కని బాధపెడుతున్నది ఓట్ల లెక్క కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ వీధి తన చేతికి కొలతలిచ్చింది. ఆ చేతిని ఇప్పుడు వదినగారు కత్తెరని చూసినట్టు చూస్తోంది. సాయంత్రంలోగా ఆ చూపు మారకపోతే, గెలిచి మాత్రం ఏం ప్రయోజనం?

వాళ్ళాయన డ్యూటీ మధ్యలో భోజనానికి వచ్చినవాడు జనాన్ని చీల్చుకుంటూ లోపలికొచ్చి, చెవిలో, "ప్రింటు తప్పు అనెయ్. జిరాక్సు మాస్టారు మంచివాడు, ఏమీ అనుకోడు" అన్నాడు.

"ఆయన మంచివాడైతే ఆయన నెత్తిన రుద్దాలా? చెయ్యి నాది, గీత నాది." ఆమె లేచి, కాగితాల మనిషి మెడలోంచి టేపు లాక్కుంది. సుద్దముక్క తీసుకుని గుమ్మం దిగింది. "అందరూ వినండర్రా! నేను దర్జీ బుద్ధితో అరంగుళం బయటికి గీశాను. అది గీత కాదు, నా అలవాటు. అసలు గీత ఎక్కడుందో ఇప్పుడే నేల మీద గీసి చూపిస్తా. ఎవరి కొట్టూ పోదు. వదినా, ఈ కొస పట్టుకో."

"నేనెందుకు పట్టుకోవాలి?"

"నేను పట్టుకుంటే మోసం చేశానంటావ్ కాబట్టి."

వదినగారు కొస లాక్కుంది.

వీధి నడిమధ్యన మురుగుకాలవ మూతలు వరసగా ఉన్నాయి. వీధి పుట్టినప్పటి నుంచీ అవి కదలలేదు. పాత పటంలో వీధి వెడల్పు ఇరవై నాలుగడుగులు, అంటే మూత దగ్గర్నుంచి ఇటు పన్నెండు, అటు పన్నెండు. దర్జీ టేపు అయిదడుగులే. కాబట్టి అయిదు, మళ్ళీ అయిదు, ఆపైన రెండు. వదినగారు మూత మీద వంగి కూర్చుని కొస నొక్కి పట్టింది. మొదట తాళాల మామయ్య వైపు. అయిదు... పది... పన్నెండు. సుద్ద గీత ఆయన గడపని ముద్దుపెట్టుకున్నట్టు ఆనుకుని ఆగింది. అంగుళం అటూ ఇటూ లేదు.

"నాది పోలేదు!" ఆయన చేతిలో తాళంచెవుల గుత్తి గలగలలాడించుకుంటూ ఒక గంతు వేశాడు. "ఆరడుగుల మహారాజుని! ఎవరన్నా రండి, నా సింహాసనం చూసిపోండి!"

తర్వాత వదినగారి కొట్టు. అయిదు... పది... పన్నెండు. టేపు గాజు గిన్నెల అరలు దాటి, వాటి వెనక పెట్టెలు దాటి, గడప కూడా దాటి లోపలికి పోయింది. గీత పడింది. అసలు గీత. కొట్టు ముఖం నుంచి నాలుగడుగులు లోపలికి.

టేపక్క మళ్ళీ కొలిచింది. మళ్ళీ నాలుగే. పక్క కొట్టుకి మూడున్నర. దాని పక్కదానికి నాలుగుంబావు.

అప్పుడర్థమైంది ఆమెకి. తను చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. పాత కొలతల పుస్తకం చూసి, మనిషిని కొలవకుండా చొక్కా కత్తిరించేసింది. పటంలో వీధి ఇరవై నాలుగడుగులు. నేల మీద పదిహేనో పదహారో మిగిలింది. అందులో బళ్ళు పోను మనుషులకి మిగిలేది ఒక్కరు పట్టే దారే. కొట్లు ముందుకొచ్చేశాయి. ఎవరూ ఎరగకుండా, జానెడు జానెడుగా.

"మరి నీ కొట్టో, టేపక్కా?" అన్నాడు తాళాల మామయ్య. మహారాజు అయిపోయాడు కదా, ఎవరినైనా అడుగుతాడు.

ఆమె వెళ్ళి టేపు వేసింది. అయిదు. పది. పన్నెండు. గుమ్మం బయటి ఇస్త్రీ బల్ల దాటింది, గడప దాటింది, బట్టలు కత్తిరించే బల్ల కిందికి దూరింది. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని గీత గీసింది. అయిదడుగులు. వీధిలో అందరికంటే ఎక్కువ ముందుకొచ్చింది తనే!

బల్ల కిందనుంచి ఆమె తల బయటికి వచ్చేసరికి వీధంతా గొల్లుమంది. మైకు బండివాడు కూడా మైకు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. మైకు పనిచేస్తోందన్న సంగతి మర్చిపోయాడు. ఆ నవ్వు రెండు వీధుల అవతలిదాకా వినిపించింది.

"ఎప్పుడొచ్చింది వదినా ఇంత ముందుకి?" నిజంగానే తెలియక అడిగింది టేపక్క. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఒక వానాకాలం రేకు వేయించింది. రేకు ఉంది కదా అని కింద ఇస్త్రీ బల్ల పెట్టింది. బల్లకి జల్లు కొడుతోందని పక్కన చెక్కలు బిగించింది. చెక్కలున్నాయి కదా అని గడప ముందుకి జరిపింది. ఒక్కరోజున ఎవరైనా అయిదడుగులు ముందుకొస్తే జనం కర్రలు పట్టుకొస్తారు. పదిహేనేళ్ళలో వస్తే పలకరించి పోతారు.

వాళ్ళాయన మళ్ళీ చెవి దగ్గరికొచ్చాడు. "టేపు చుట్టెయ్. చీకటి పడితే సుద్ద ఎవరికీ కనపడదు. మూడ్రోజులు ఆగు. నీ చేతులు పట్టుకుంటా."

ఆమె టేపు చుట్టడం మొదలుపెట్టింది కూడా. సగం చుట్టాక చెయ్యి ఆగింది. తప్పు కుట్టు పడిందని చూపిస్తే వాళ్ళమ్మ తిట్టేది కాదు, కొట్టేది కాదు. బట్ట తిరిగి ఒళ్ళో పడేసేది, అంతే.

"ఇందాక ఎవరి కొట్టూ పోదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా," అంది వీధివైపు తిరిగి. "పదడుగులు నా చేతి అలవాటు. అది కొట్టెయ్యండి. ఈ నాలుగూ అయిదూ మాత్రం దారివి. మనం తినేశాం. అందరికంటే ఎక్కువ తిన్నది నేనే కాబట్టి ముందు నేను విప్పుతా. మీరు విప్పుతారో లేదో మీ ఇష్టం. ఓటు కూడా మీ ఇష్టం. ఏవండీ, నిచ్చెన తెండి!"

"ఇప్పుడా? నా బస్సు..."

"మీ బస్సుకి ఇంకా గంటుంది. నాకు తెలీదా మీ టైము!"

ఆ తర్వాత జరిగింది చూడాలే గానీ చెప్పడం కష్టం. డ్రైవరు యూనిఫాంలోనే నిచ్చెనెక్కి రేకు మరలు విప్పాడు. రేకు ఢామ్మని పడింది, దాని మీద పదిహేనేళ్ళుగా పడి ఉన్న పిల్లల బంతులు పదకొండు వీధిలోకి దొర్లాయి. తన బంతిని గుర్తుపట్టిన ఒకతనికి ఇప్పుడు గుబురు మీసాలున్నాయి. చెక్కలు ఊడాయి. కొలతల పుస్తకాలు చేతులు మారి మారి లోపలికి పోయాయి. "నా నడుం ఎవరూ తెరిచి చూడకండి బాబూ!" అని ఎవరో మొత్తుకున్నారు. చోటు చాలక కోట్లు తొడిగే బొమ్మని కాసేపు వీధి మధ్యలో నిలబెట్టారు. దానికి హెడ్మాస్టారి కొత్త కోటు తొడిగి ఉంది. మైకు బండి దాని వెనక ఆగి, "పెద్దాయనా, కాస్త పక్కకి జరగండి... పెద్దాయనా, మీకే చెప్పేది..." అని మైకులో బతిమాలుతుంటే, వీధంతా పొట్ట పట్టుకుని కూలబడింది.

రాసుకోవడానికి వచ్చిన మనిషి బల్ల నాలుగో కాలు పట్టుకున్నాడు. కాగితాల మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టారు. నయం, చల్లారిందే.

నవ్వుల మధ్యలో టేపక్క కళ్ళు ఒక్కరి కోసం వెతికాయి. వదినగారు లేదు. గాజు సామాన్ల కొట్టు తలుపు సగం మూసి ఉంది. వెళ్ళి పిలుద్దామా? ఏమని పిలుస్తుంది? నాలుగడుగులు మోసుకుపో అని చెప్పిన నోటితో ఏమని పిలుస్తుంది?

అంతలో ఆ సగం తలుపు వెనకనుంచి చప్పుడు వినిపించింది. టింగు. మళ్ళీ టింగు టింగు. గ్లాసుకి గ్లాసు తగిలే చప్పుడు. తర్వాత గిన్నెలవి. బయటి అర ఒకటి తనంతట తను లోపలికి నడిచినట్టు కదిలింది. దాని వెనక వదినగారి చెయ్యి కనపడింది.

టేపక్క పరుగున వెళ్ళి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని గోడ దాకా మోశారు.

"నీకు ఓటేస్తానని కాదు," అంది వదినగారు రొప్పుతూ. "నువ్వు లోపలికి పోయాక, వీధిలో నా కొట్టొక్కటే పొట్ట ముందుకేసుకుని నిలబడితే నాకు సిగ్గుచేటు."

"నిన్నెవరడిగారు ఓటు?"

"అడక్కపోవడమేంటే? మేయరుకి నిలబడ్డావ్, అడగవా? సొంత ఆడపడుచుని అడగడానికి నామోషీనా?"

"సరే అడుగుతున్నా. వెయ్యి."

"చూస్తా," అని వదినగారు మూతి తిప్పింది. ఆ తిప్పడంలో మూతి చివర నవ్వు చిక్కుకుని ఉండిపోయింది. "ముందు ఈ కింది అర పట్టు. బరువంతా నా వైపు తోస్తున్నావ్. కాగితం మీదే కాదు, ఇక్కడ కూడా పదడుగులు నాకే వేస్తావ్."

గంటన్నర తిరిగేసరికి తొమ్మిది కొట్లు వెనక్కి జరిగాయి. మిగతావాళ్ళు గుమ్మాల్లో చేతులు కట్టుకుని ఆలోచిస్తున్నారు. ఇద్దరు ముగ్గురు తలుపు వేసుకుని అసలు బయటికే రాలేదు. అద్దాల బాబు మనుషులు వచ్చి, ఆ సుద్ద గీతలకి ఫోటోలు తీసుకుని పోయారు. ఏం చేసుకుంటారో వాళ్ళకే తెలియాలి.

బస్సుకి ఆలస్యమైపోయిందని వాళ్ళాయన బయల్దేరాడు. స్టాపు దాకా దిగబెడతానని టేపక్క వెంట నడిచింది. తొమ్మిది కొట్ల మేర వీధి వదులైంది. ఆ మేర ఇద్దరూ పక్కపక్కన నడిచారు. పదో కొట్టు దగ్గర మళ్ళీ ఆయన ముందూ, ఆమె వెనకా అయ్యారు.

తిరిగొచ్చి గడప మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంది. కొత్త గడప, అంటే పాతది. రాసుకునే మనిషి ఇస్త్రీపెట్టె కింద నుంచి కాగితాలు తీసి, పొద్దున్న సగంలో ఆగిన మాట గుర్తుచేశాడు. అభివృద్ధి అంటే నన్నడిగితే, అన్నారు. ఏంటది?

"ఏమో, పొద్దున్న ఏదో పెద్ద మాటే అనుకున్నా. మర్చిపోయాను. ఇప్పుడడిగితే ఒకటే చెప్తా, రాసుకోండి. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయింది. ఈ వీధిలో ఇన్నేళ్ళూ మా ఆయన వీపే చూస్తూ నడిచాను. చొక్కా వెనక కుట్టు ఎలా పడిందో చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇవాళ పక్కన నడిచాను. ఆయన నడుస్తూ ఏదో పాట గొణుక్కుంటాడట! ఇన్నేళ్ళూ నాకు తెలీనే తెలీదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవగలిగితే ఆ వీధి ఎదిగినట్టు లెక్క. ఆ పైన అద్దాలు పెట్టుకుంటారో, అటకలు పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం."

అప్పుడే తాళాల మామయ్య తాళంచెవులు గలగలలాడించుకుంటూ వచ్చాడు. మహారాజుకి ఇవాళ కూర్చోబుద్ధి కావడం లేదు. "టేపక్కా, వీధి చివరింటి మేడ మీద ముసలి పోస్టుమాను లేడూ? ఆయనకి నిన్నే కాగితం అందింది. చెవులు వినపడవు కదా, ఇవాళ్టి గోలేదీ ఆయనకి తెలీదు. ఇల్లు పోతోందనుకుని పొద్దుట్నించీ సామాన్లు సర్దుకుంటున్నాడట. పుస్తకాలు నాలుగు పెట్టెలు కట్టేశాడు. ఇప్పుడు మంచం విప్పుతున్నాడు!"

టేపక్క గబుక్కున లేచింది. లేచి, వెనక్కి చూసింది. కత్తిరించే బల్ల ఇంకా గడపలో అడ్డంగా ఉంది, లోపల కుట్టాల్సిన గుడ్డంతా నేల మీద కుప్పగా పడి ఉంది, గుమ్మంలో ముగ్గురు కొట్ల వాళ్ళు తమ గీత సరిగ్గా పడలేదని గొడవకి సిద్ధంగా నిలబడి ఉన్నారు. కాగితాల మనిషి చెయ్యి పట్టుకుంది.

"మీరు వెళ్ళి రండి బాబూ, పుణ్యముంటుంది. మెట్లెక్కి, ఆ మంచం రెండో కాలు విప్పేలోగా ఆయన్ని ఆపండి. చెప్పడం కుదరదు, మీరు రాసేవాళ్ళు కదా, పెద్ద అక్షరాలతో రాసి చూపించండి. ఇల్లు ఎక్కడికీ పోదని రాయండి. టేపక్క చెయ్యి జారిందని రాయండి. కింద ఆయన మెట్టు ఒకటి మాత్రం అడుగున్నర దారిలోకొచ్చింది, అది కూడా రాయండి. ఒకటి రాసి ఒకటి దాచకండి. రెండూ రాయండి. ఆ పెట్టెలు మళ్ళీ విప్పి, పుస్తకాలు వరసగా పెట్టేదాకా అక్కడే ఉండండి. ఓటు మాట మాత్రం ఎత్తకండి."